మూడో మెలిక

నలభై ఏళ్ళు పళ్ళు చేశాను.
ఈ దీవిలో సగంమంది
నా చేతిపనితోనే గట్టి రై రొట్టె నములుతారు.
అందుకే కాబోలు, పాస్టర్ మొగెన్స్
అగ్గిపెట్టెలో దూది పరిచి
ఒక ఆడమనిషిని తెచ్చి నా బల్లమీద పెట్టాడు.
"సిస్సెల్, ఈవిడ ముఖం పోయింది" అన్నాడు,
ఏదో నా దగ్గర ఇంకొకటి ఉన్నట్టు.

చర్చి కప్పునుంచి వేలాడే ఓడ, పేరు అబెలోనె.
మా డెన్మార్క్ తీరంలో ఇలాంటివి చాలా చర్చిల్లో ఉంటాయి:
తిరిగొచ్చినవాళ్ళు మొక్కు చెల్లించుకున్నవి,
రానివాళ్ళ పేరిట మిగిలినవాళ్ళు కట్టించినవి.
బూజు దులుపుతుంటే గొలుసు జారింది.
ఓడ మూతిమీద నూటయాభై ఏళ్ళుగా
అలలు లేని గాలిని చీల్చుకుంటూ నిలబడ్డ మనిషి
బెంచీల మధ్య బోర్లా పడింది.

నా చిటికెన వేలి గోటికి మూడింతలుంటుంది, అంతే.

పెరట్లో గాలివానకి విరిగిన బేరికొమ్మ
మూడు చలికాలాలు అటకమీద ఆరి ఉంది.
చేవ మాత్రం తీసుకున్నాను.
పన్ను తొలిచే మర, కంటికి భూతద్దం, ముల్లులాంటి ఉలి.
కర్ర పన్ను కాదని మొదటిరోజే తెలిసింది.
పన్ను ఎటు గీస్తే అటు ఒప్పుకుంటుంది,
కర్ర తన వాలు తనే చెబుతుంది.
విననివాళ్ళకి ముక్కు దక్కదు.

మొదటిదానికి దక్కలేదు.
రెండోదాని కన్ను ఒకటి పెద్దదై
మా పాత పోస్టుమాస్టరు పోలిక వచ్చింది.
మూడోది పట్టకారులోంచి ఎగిరి
ఎక్కడో నేలమీద పడింది, శబ్దం కూడా లేదు.
దుమ్ము లాగే యంత్రం సంచీ కాగితంమీద బోర్లించి
పిల్లి వెంట్రుకల్లో, రొట్టె పొడిలో రెండు గంటలు వెతికాను.
దొరికింది. భుజం లేదు.
ఆ రాత్రి మొగెన్స్ ఫోనెత్తలేదు నేను.

నాలుగోదానికి ముందు పాతదాన్ని మళ్ళీ చూశాను.
గోరువెచ్చటి నీళ్ళలో పాత జిగురు మెత్తబడి
వెనకనున్న చెక్క ఊడొచ్చింది.

వీపుమీద జడ.

జిగురు పూసే చోట,
ఏ కన్నూ పడే వీల్లేని చోట
మూడు పాయల జడ, తలవెంట్రుకంత గీతలతో.
మొదటి మెలిక బిగుతుగా ఉంది. రెండోదీ అంతే.
మూడోది మొదలై, పాయలు విడిగా నిలిచి,
ఆ కింద నున్నటి కర్ర.

చేసినవాడి గురించి చర్చి పుస్తకంలో ఒకటే వాక్యం:
ఓడ వంటవాడు చెక్కాడు.
పేరు లేదు.
బంగాళాదుంపల తొక్కుతీసే కత్తితోనే చెక్కాడేమో.
చారు పొంగిందో, పైనుంచి ఎవరైనా కేకేశారో,
ఆమె అల్లుకోవడం అంతవరకే చూసి బయల్దేరాడో.
నాకు తెలీదు.
తెలిసినట్టు చెప్పడం నా చేత కాదు.

"వెనకవైపు ఎందుకు? అతికించేస్తాంగా" అన్నాడు మొగెన్స్.
కట్టుడుపళ్ళకి బయటివైపు మెరిస్తే చాలదు పాస్టర్‌గారూ,
లోపల ఇసుకరేణువంత గరుకున్నా
నాలుక రాత్రంతా అక్కడే తిరుగుతుంది అన్నాను.
"ఓడకి నాలుకెక్కడుంది?" అని నవ్వాడు.
నేను మర తిప్పాను.

మొదటి మెలిక. రెండోది.
మూడోదానికి వచ్చేసరికి
చెయ్యి తనంతట తను ముందుకు పోబోయింది.
పూర్తిచేయడం అలవాటైన చెయ్యి కదా,
ఎవరి నోరూ సగంలో వదిలింది కాదు.
మరని ఆపి, లేచి, కాఫీకి నీళ్ళు పెట్టాను.
అవి కాగేదాకా చేతులు వెనక్కి కట్టుకుని
కిటికీలో పడవలరేవు చూస్తూ నిలబడ్డాను.
తిరిగొచ్చి జిగురు పూశాను.

ఆదివారం అబెలోనె మళ్ళీ గాల్లోకి లేచింది.
కిందనుంచి చూస్తే జడా లేదు, ముఖమూ లేదు,
నల్లటి అడుగుచెక్క ఒకటే కనిపిస్తోంది.
అది నాకప్పటిదాకా తట్టనే లేదు.

ముందు బెంచీలో తొంభైయేళ్ళ ఆస్లౌ
మెడ వెనక్కి వాల్చి
నోరు తెరుచుకుని చాలాసేపు పైకి చూసింది.

పైవరస నాదే.